గాజుల మలారంలో చక్రాలు

మేఘకూట నగరాన్ని కింద నుంచి చూసినవాడికి మెడ పట్టేయవలసిందే. లోయలో ధవళా నది సుడులు తిరుగుతూ పరుగెడుతుంటే, దాని ఒడ్డున నిట్టనిలువుగా లేచిన నల్లరాతి కొండ, ఆ కొండ నెత్తిన పాలరాతి బురుజులు, బురుజుల మీద పగడపు రంగు పతాకాలు, ఆ పతాకాలను రాసుకుంటూ పోయే తెల్లమబ్బులు! వానాకాలంలో మబ్బు వచ్చి వీధిలో కూర్చుంటే ఎదురింటివాళ్ళ ముఖం కనబడదు. అంత ఎత్తున నగరం కట్టినవాళ్ళు నీళ్ళకేం చేశారయ్యా అంటే, కొండ కడుపులో జలభైరవిని నిలబెట్టారు.

జలభైరవి అంటే విగ్రహం కాదు, యంత్రం. కానీ ఆ ఊళ్ళో దాన్ని యంత్రమన్నవాడి నోరు కడిగిస్తారు. తల్లి అనాలి. కొండ అంచున చలువరాతి మండపం, మండపం నడుమ నిలువెత్తు సింహముఖం. ఆ సింహం నోట్లోంచి రేయింబవళ్ళు నది నీళ్ళు ధారగా దూకి, రాతి కాలువల్లో పడి, రాణివాసం నుంచి కుమ్మరివాడ దాకా గలగలా తిరిగేవి. నీళ్ళు అంత ఎత్తుకు ఎలా ఎక్కుతున్నాయో చూసినవాడు లేడు. చూడకూడదని శాసనం.

ఆ శాసనం వేయించినవాడు మాంత్రికుడు ఉలూకనాథుడు. గుడ్డు కళ్ళు, గద్దముక్కు, భుజాల మీద ఈకల కంబళి. "దేవతలు దించిన శక్తి ఇది. ఆడదాని చెయ్యి సోకితే ఆగిపోతుంది. సోకిన చెయ్యి నల్లబడుతుంది. నల్లబడిన చేతిని నరకాలి" అని రాజు కీర్తిధ్వజుడి చేత రాతి మీద చెక్కించాడు. ఆనాటి నుంచి మేఘకూటంలో ఆడపిల్ల రాట్నం తప్ప మరో చక్రాన్ని ముట్టుకోలేదు. రాట్నం మాత్రం ఎలా ముట్టుకోవచ్చంటారా? ఉలూకనాథుడికీ ఒంటిమీదికి బట్ట కావాలి కదా!

అలాంటి జలభైరవి మొన్నటి పున్నమికి ఉన్నట్టుండి ఆగిపోయింది. సింహం నోరు ఎండిపోయింది. కొండ దిగి, నదికి పోయి, బిందె నెత్తిన పెట్టుకుని మళ్ళీ ఎక్కేసరికి ఒక పగలు గడిచిపోయేది. తల్లికి కోపం వచ్చిందన్నాడు ఉలూకనాథుడు. పంచామృతంతో చల్లబరచమన్నాడు. జనం పాలు, నెయ్యి, తేనె, బెల్లపు పాకం కడవలతో మోసుకొచ్చి మండపం పైనున్న తూములో పోశారు. తల్లి కదలలేదు. ఇంకా పోయమన్నాడు. ఇళ్ళల్లో పిల్లలు గొంతు తడవక ఏడుస్తుంటే, ఇంకా పోశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాగమల్లి వాళ్ళ పెరట్లోకి గాజుల అవ్వ వచ్చింది.

నాగమల్లి తల్లీతండ్రీ లేని పిల్ల. అక్క చెంగల్వే కన్నతల్లిలా సాకింది. చెంగల్వ మండపానికి పూలదండలు కట్టే మనిషి. ఆమె చేతులు ఆగగా ఎవరూ చూసి ఎరుగరు. ఒక చేత్తో దండ కడుతూ రెండో చేత్తో చెల్లెలి జడ అల్లేది. నాగమల్లికి లోకంలో అన్నిటికంటే ఇష్టమైనవేవంటే ఆ రెండు చేతులే.

అవ్వ నడుం వంగి ఉంది. తల ముగ్గుబుట్ట. భుజాన గాజుల మలారం, అంటే గాజులు వరసలు వరసలుగా గుచ్చి కట్టిన పెద్ద మూట. వీధిలో ఆడపిల్లలంతా చుట్టూ మూగారు.

"ఏదీ, చెయ్యి ఇలా పెట్టు తల్లీ. అబ్బో, ఎంత సన్నటి చెయ్యి! ఎంత సందులోకైనా దూరుతుంది" అంది అవ్వ, నాగమల్లి వేళ్ళు నొక్కి చూస్తూ.

"గాజుల కొలత చూస్తారు గానీ సందుల కొలత చూస్తారా అవ్వా?" అని నవ్వింది నాగమల్లి.

అవ్వ కూడా నవ్వింది. పండు ముసలమ్మకు పలువరస ముత్యాల పేరులా ఎలా ఉందో నాగమల్లి అడగలేదు. తొందరపడి మనమూ అడగవద్దు.

ఎర్రగాజులు, పచ్చగాజులు అయ్యాక అవ్వ మూటలో అడుగుపొర విప్పింది. అందులోంచి చెక్కతో చేసిన బొమ్మలు బయటికొచ్చాయి. మెడ ఊపే కొంగ, బరువెత్తే గడకర్ర, పళ్ళున్న చిన్న చిన్న చక్రాలు, వాటి మీదుగా దారానికి గుచ్చిన గవ్వల వరస.

చక్రాలను చూడగానే పిల్లలు కెవ్వుమని వెనక్కి గెంతారు. "అమ్మో! ముట్టుకుంటే చేతులు నల్లబడతాయి!"

"నావి చూడండర్రా. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ముట్టుకుంటూనే ఉన్నాను. నల్లబడితే నా దగ్గర గాజులెవరు వేయించుకుంటారే?" అంది అవ్వ, రెండరచేతులూ చాపి.

అరచేతులు గోధుమవన్నెలో మెరిశాయి. పిల్లలు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. అందరికంటే చిన్నది, నోట్లో ఎప్పుడూ ఏదో నములుతూ ఉండేది, పిచ్చిక అని ముద్దుపేరున్నది, ముందుగా వేలు చాపి కొంగ ముక్కును తాకింది. వేలు నల్లబడలేదు. ఇంకేముంది, పెరడంతా కిచకిచలే!

నాగమల్లి గవ్వల బొమ్మను పట్టుకుంది. పిడి తిప్పింది. పెద్ద చక్రం తిరిగింది కానీ పక్కది కదలలేదు.

"ఇది తిరగదేం అవ్వా?"

"తిరగదు. ఒక ముక్క లేదు. నా బొమ్మలన్నీ అంతే, ఒక్కో ముక్క తక్కువగానే ఇస్తాను."

"ఆ ముక్క ఇవ్వు మరి."

"ఇవ్వను. నువ్వే చెయ్యి."

"ఎలా ఉంటుందో చెప్పకుండా ఎలా చెయ్యను?" అని మూతి ముడిచింది నాగమల్లి.

"ఖాళీని అడగవే. తనలోకి ఏం పడుతుందో అదే చెబుతుంది."

నాగమల్లి ఖాళీలోకి వేలు పెట్టి చూసింది. చెక్కపుల్ల ఒకటి చెక్కితే లావైంది. ఇంకొకటి చెక్కితే పుటుక్కున విరిగింది. అవ్వ చూస్తూ వక్కలు నములుతోందే గానీ ఒక్క మాట సాయం చేయలేదు. ఆఖరికి తాటిమట్ట ఈనె ఒకటి గీకి, నీళ్ళలో నానబెట్టి, ఇరుసుకూ చక్రానికీ మధ్య దూర్చింది. పిడి తిప్పింది.

గవ్వలు కదిలాయి! కింద గిన్నెలో ముణిగి, ఒక్కో గవ్వ గుక్కెడు నీళ్ళు పట్టుకుని, పైకి ఎక్కి, బోర్లపడి, మీదనున్న దొప్పలో పోసింది. ఒకటి వెనక ఒకటి, ఒకటి వెనక ఒకటి. నీళ్ళు కొండెక్కుతున్నాయి! తన వేళ్ళు చెక్కిన పుల్ల వల్ల నీళ్ళు పైకి నడవడం ఆమె పుట్టి పెరిగి చూసింది లేదు. సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

మర్నాడు అదే బొమ్మ మొరాయించింది. ముక్కలన్నీ ఉన్నాయి, అయినా కదలదు. పిచ్చిక బిక్కముఖం వేసుకుని నిలబడింది. నాగమల్లి చక్రాలు విప్పి, పళ్ళ సందున గోరు పెట్టి గీకి, వాసన చూసింది.

"బెల్లం! పిచ్చికా, బెల్లపుండ తిని చేతులు కడుక్కోకుండా తిప్పావా?"

కుంకుడురసం కలిపిన వేడినీళ్ళ చుక్కలు వేసి తుడిచేసరికి బొమ్మ మళ్ళీ గిరగిరా తిరిగింది. అవ్వ మాత్రం నాగమల్లి వంక చూస్తూ, "ఆ, అదీ సంగతి" అని తనలో తాను అనుకుంది.

ఆ మధ్యాహ్నమే, తల్లిని ముట్టిన నల్లచెయ్యి ఎవరిదో వెతికి పట్టుకుంటామని వీధిలో దండోరా మోగింది.

భటులు బిలబిలమంటూ పెరట్లోకి చొరబడి, దండ కడుతున్న చెంగల్వ చేతులు పట్టి తిప్పి చూశారు. కుడిచేతి వేళ్ళు నల్లగా ఉన్నాయి! "దొరికింది! తల్లిని ముట్టినది దొరికింది!" అని కేకలు పెట్టారు. పూలబుట్ట బోర్లపడింది. చెంగల్వను ఈడ్చుకుపోతుంటే నాగమల్లి అడ్డం పడింది. ఒకడు విసిరికొట్టాడు.

సూర్యుడు పడమటి శిఖరాన్ని తాకే వేళకు ఆఖరి అభిషేకం చేసి, చెంగల్వ రెండు చేతులూ నరికి సింహముఖం ముందు పెడితే తల్లి శాంతిస్తుందని ఉలూకనాథుడు తీర్పు చెప్పాడు. రాజు తల వంచుకుని ఊఁ అన్నాడు. గొంతెండిన నగరం కిక్కురుమనలేదు.

నాగమల్లి గుండె చెరువై మండపానికి పరుగెత్తింది. అక్కను స్తంభానికి కట్టేశారు.

"నేనేం ముట్టుకోలేదే మల్లీ! దండ వేస్తుంటే పైనుంచి జిగురు కారింది. తుడిచాను, అంతే. నువ్వు ఏడవకు. ఇంటికి పో, దొంతిలో అటుకులు ఉన్నాయి, తిను" అంది చెంగల్వ.

చేతులు నరుకుతారని తెలిసీ చెల్లెలి ఆకలి గురించి మాట్లాడే అక్క! నాగమల్లి ఆ చేతులను ముఖానికి ఆనించుకుని భోరుమంది. అంత ఏడుపులోనూ ముక్కుకు ఒక వాసన తగిలింది. మాడిన బెల్లం, గడ్డకట్టిన నెయ్యి, సాంబ్రాణి మసి. ఆమె టక్కున ఏడుపు ఆపింది. తల ఎత్తి చూసింది. సింహముఖం చెవి పక్కన రాతి పగులు, ఆ పగుల్లోకి బారులు తీరిన ఎర్రచీమలు. ఒకటి పోతుంటే ఒకటి వస్తోంది. వచ్చేవాటి నోట్లో గడ్డకట్టిన పాకపు పలుకులు!

ఆమె పరుగు పరుగున పెరట్లోకి వచ్చి పడింది. "అవ్వా! తల్లికి కోపం రాలేదు! పాకం పట్టింది! పిచ్చిక బొమ్మకు పట్టినట్టే! వీళ్ళు పోసేకొద్దీ బిగుసుకుపోతోంది!"

అవ్వ లేచి నిలబడింది. ఆ క్షణాన ఆమె నడుం వంకర ఏమైందో మరి, తాడిచెట్టంత నిటారుగా ఉంది. "సెబాష్! అలాంటి మాట ఒక ఆడపిల్ల నోట వినాలనే ఇన్నాళ్ళూ ఊరూరా గాజులమ్ముతున్నాను. నా అనుమానమూ అదే. కానీ లోపలికి దారి ఒక్కటే, అభిషేకం కారిపోయే సోమసూత్రం. నా భుజాలు అందులో పట్టవు. చూసొచ్చాను."

"నా భుజాలు పడతాయి" అంది నాగమల్లి.

"మరి బిగిసిన పాకం దేంతో వదులుతుంది?"

"వేడినీళ్ళు. కుంకుడు కలిపినవి. కడవలు కడవలు కావాలి." అని నాగమల్లి ఆగిపోయింది. కడవలు కడవలు! నగరంలో ఒక్కో ఇంట్లో మిగిలింది ఒక్కో కుండ. అది తాగే నీరు. అది పోతే రేపటికి గుక్కెడు ఉండదు.

బదులు చెప్పింది పిచ్చిక. వాళ్ళింటికి పరుగెత్తి, తన ఒళ్ళంత ఉన్న కుండను రెండు చేతులా వాటేసుకుని, అడుగులో అడుగు వేస్తూ తెచ్చి నాగమల్లి ముందు దించింది. "పాడు చేసింది నేనే కదా అక్కా బొమ్మని. ఇదిగో నీళ్ళు" అంది. అది చూసి మిగిలిన పిల్లలు నోరెత్తకుండా ఇళ్ళకు పోయారు. కొందరు తల్లులను బతిమాలారు, కొందరు అడగకుండానే ఎత్తుకొచ్చారు. కొందరు తల్లులైతే కుండ తామే మోసుకొచ్చి, పొయ్యి తామే రాజేసి, చెంగల్వ పేరెత్తి కళ్ళొత్తుకున్నారు. కుంకుడుకాయలు నలగ్గొట్టిన చప్పుడు వీధంతా వినిపించింది.

ఇక చూడండి ఆ ఊరేగింపు! పసుపు పూసిన కడవలు, మూతులకు వాసెన గుడ్డలు, నెత్తిన పెట్టుకున్న ఆడపిల్లలు, వెనక గాజుల అవ్వ. మండపం మెట్ల దగ్గర ఉలూకనాథుడు అడ్డగించాడు.

"పొగలొస్తున్నాయేం?"

"కాచిన పాలు స్వామీ! పచ్చిపాలైతే తల్లికి పడిశం పడుతుందని మా అమ్మ చెప్పింది" అంది పిచ్చిక, కళ్ళు ఆర్పకుండా. ఉలూకనాథుడు మూతి తిప్పుకుని, తూములో పోయమని సేవకులకు సైగ చేశాడు.

ఆ సరికి నాగమల్లి మండపం వెనక సోమసూత్రంలో ఉంది. బయల్దేరే ముందే అవ్వ వేసిన గాజులు అవ్వే తీసి పక్కన పెట్టింది. నడుముకు కొబ్బరిపీచు, పప్పుగుత్తి కట్టుకుని, మోచేతుల మీద పాకుతూ లోపలికి పోయింది. జిగురు, చీకటి, చీమల కాట్లు. రాయి రెండు పక్కలా ఒరుసుకుని ఊపిరాడలేదు. అక్క చేతులు గుర్తు చేసుకుంది. పళ్ళు బిగించి ముందుకు తోసుకుంది. ఉన్నట్టుండి కింద రాయి లేకుండా పోయింది!

దబ్బున ఒక రాతి అరుగు మీద పడింది. కళ్ళు తెరిచి, అలాగే ఉండిపోయింది.

కొండ లోపల కొండంత ఖాళీ ఉంది! పైన పగుళ్ళలోంచి ఎండ వాలుగా పడుతుంటే, ఆ వెలుగులో చక్రాలు. రథమంత చక్రం, దాని పక్కన కోటగుమ్మమంత చక్రం, దాని కింద మరొకటి, మరొకటి. అన్నిటికీ టేకుపళ్ళు, ఒకదాని పళ్ళు ఒకదాని సందుల్లో కూర్చుని, కునుకు తీస్తున్న ఏనుగుల మందలా నిశ్శబ్దంగా ఉన్నాయి. వాటి మీదుగా మోకులకు గుచ్చిన రాగి బిందెల వరస పాతాళంలోకి దిగిపోయింది. అక్కడెక్కడో అడుగున ధవళా నది హోరు. నాగమల్లి వంగి చూసింది. ఇదంతా ఆమెకు తెలుసు! అవ్వ బొమ్మే ఇది. గవ్వల బదులు బిందెలు, అంతే.

గోడ మీద శిల్పాలున్నాయి. కచ్చ బిగించిన ఆడవాళ్ళు మోకులు లాగుతున్నారు, సుత్తులు ఎత్తుతున్నారు, ఇరుసులు నిలబెడుతున్నారు. వరస చివర ఒక చిన్నపిల్ల చేత్తో కొయ్యచీల పట్టుకుని నవ్వుతోంది. దేవతలు దించారట! నాగమల్లికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎక్కిదిగేందుకు గోడకు తొలిచిన చిన్న గూళ్ళలో వేళ్ళు పెట్టి చూస్తే, తన చేతి కొలతకే తొలిచినట్టు సరిపోయాయి. ఆ గూళ్ళు పట్టుకుని పెద్ద చక్రం దగ్గరికి దిగింది.

సందు సందునా నల్లటి పాకం రాయిలా గడ్డకట్టి ఉంది. అంతలో పైనుంచి బుసబుసమంటూ వేడినీళ్ళు దూకాయి. ఆమె అరుగు కిందికి దూరింది. నురగ! అంతటా తెల్లటి నురగ! పాకం కరిగి బొటబొటా కారసాగింది. నురగ సోమసూత్రం దాకా పొంగి బయటికి వచ్చేసరికి, "తల్లి కోపంతో నోట నురగలు కక్కుతోంది!" అని ఉలూకనాథుడు అరిచిన అరుపు ఆమెకు లీలగా వినిపించింది.

ఆమె పప్పుగుత్తితో గోకింది, పీచుతో రుద్దింది, చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. పళ్ళన్నీ తేలాయి. చక్రం కొద్దిగా వణికి, మళ్ళీ ఆగిపోయింది. ఏమిటిది? తడిమి చూసింది. ఇరుసునూ చక్రాన్నీ కలిపే చీల విరిగిపోయి, దాని చోట ఖాళీ ఉంది. ఒక ముక్క తక్కువ! మొదట తల్లిని ఆపింది ఇదే!

పైనుంచి ఎండ ఎర్రబారింది. సూర్యుడు శిఖరం దగ్గరికి వచ్చేశాడు. మండపంలో కత్తి నూరుతున్న చప్పుడు. చెక్కడానికి కొయ్య ఎక్కడ దొరుకుతుందిక్కడ? "ఖాళీని అడుగు" అనుకుంది. వేలు పెట్టింది. బొటనవేలికి రెండింతల లావు, జానెడు పొడవు, కొస సన్నం. ఆమె చూపు చేతిలోని పప్పుగుత్తి మీద పడింది. తరతరాలుగా వాళ్ళింట పప్పు మెదిపిన చేవకర్ర అది. కాడను ఖాళీలోకి దూర్చి, రాతితో ఒక్క దెబ్బ వేసింది. దిగలేదు. మళ్ళీ కొట్టింది. పీచు చుట్టి, ప్రాణమంతా చేతుల్లోకి తెచ్చుకుని ఇంకోసారి కొట్టింది.

కిర్రుమంది.

తర్వాత కొండ కడుపులో మహా మూలుగు ఒకటి పుట్టింది. అడుగున నదిలోని చక్రం, దాని మీదిది, ఆపైది, ఒకటి తర్వాత ఒకటి నిద్ర లేచాయి. చూస్తున్న నాగమల్లి కళ్ళ ముందే రథమంత చక్రం గంభీరంగా, బరువుగా, అందంగా తిరిగింది! ఆమె రెండు చేతులూ జోడించి అలాగే నిలబడింది. పరికిణీ కొస బిందె చెవికి తగులుకున్న సంగతి కూడా చూసుకోలేదు.

చూసుకునేలోగా కాళ్ళు గాల్లో ఉన్నాయి. "అవ్వోయ్!" అని కేక పెట్టి బిందెను కావలించుకుంది. చక్రాలూ శిల్పాలూ ఎండ పట్టీలూ కిందికి జారిపోతుంటే ఆమె పైకి, పైపైకి పోయింది.

మండపంలో తలారి కత్తి ఎత్తాడు. అదే క్షణాన సింహం గర్జించింది. నోట్లోంచి నల్లటి ధార ఒకటి ఫెళ్ళున దూకి, ఉలూకనాథుణ్ణి నిలువునా ముంచి, దాని వెనకే ఒక ఆడపిల్లను బయటికి ఉమ్మేసింది!

జనానికి ఆ పిల్ల కనబడితేగా! "నీళ్ళు!" అని ఒక్క కేక. కాలువ వెంట నగరమంతా బోర్లపడింది. నెయ్యీ మసీ కలిసిన తొలినీరు నల్లగా ఉంటేనేం, దోసిళ్ళతో తోడారు, ముఖాన జల్లుకున్నారు, ఏడ్చారు, నవ్వారు. తలారి కత్తి పారేసి కాలువలోకి దిగాడు. రాజు కీర్తిధ్వజుడు కిరీటం పక్కన పెట్టి, చంటివాడిలా రెండు చేతులూ ముంచాడు. కాసేపటికి గానీ ధార తేటపడి స్ఫటికంలా మెరవలేదు.

ఉలూకనాథుడు కళ్ళు తుడుచుకుని నాగమల్లి రెక్క పట్టి పైకెత్తాడు. "ఇదిగో! తల్లిని ముట్టిన పాపిష్ఠిది! చేతులు చూడండి! మహారాజా, శాసనం ఉంది! నల్లబడిన చెయ్యి ఎవరిదైనా సరే నరకవలసిందే!"

వెనక్కి తిరిగి చూశాడు. కాలువ వెంట జనమంతా లేచి నిలబడి తమ చేతులు చూసుకుంటున్నారు. తలారి చేతులు నల్లగా ఉన్నాయి. భటుల చేతులు, పురోహితుల చేతులు, రాణివాసపు చెలికత్తెల చేతులు నల్లగా ఉన్నాయి. రాజు తన రెండు చేతులూ పైకెత్తాడు. వాటి మీది నల్లటి జిడ్డు మోచేతుల మీదుగా కారుతోంది.

"ఉలూకనాథా, మాతోనే మొదలుపెట్టమంటావా?" అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. పిచ్చికే అయి ఉంటుంది. ఆ నవ్వు అంటుకుని మండపం, కాలువ గట్లు, బురుజులు అన్నీ గొల్లుమన్నాయి. అందరికంటే పెద్దగా నవ్వింది గాజుల అవ్వ. ముత్యాల పలువరస తళుక్కుమంది.

ఉలూకనాథుడి గుడ్డు కళ్ళు ఆ పళ్ళ మీద ఆగాయి. "నువ్వా? యంత్రవిద్య నేర్చిన ఆ శంఖద్వీపపు రాకుమారి తారావళివా!" అని అరిచాడు. ఈకల కంబళి విదిలించాడు. వాడికి తెలిసిన విద్య నిజానికి అదొక్కటే. మరుక్షణం మండపమంత గుడ్లగూబ ఒకటి రెక్కలు విప్పింది! గాలికి పతాకాలు చిరిగాయి. అవ్వ నెత్తిమీది జనపనార జుట్టు ఎగిరిపోయి, దాని కింద నల్లటి జడ జారింది. నడివయసైనా రాని యువతి ఆమె! గోళ్ళు ఆమె భుజాలు పట్టుకుని ఆకాశానికి ఎత్తాయి.

గాల్లోంచే ఆమె మలారాన్ని విసిరింది. గాజులు భళ్ళున చిట్లి రంగురంగుల వానగా పడ్డాయి. "మల్లీ! అడుగుపొర!" అన్న కేక, ఆపైన రెక్కల చప్పుడు, ఆపైన ఏమీ లేదు. గుడ్లగూబ ఉత్తరపు మంచుకొండల వైపు పోయి చుక్కంతై మాయమైంది.

నాగమల్లి గాజుపెంకుల మధ్య కూర్చుని అడుగుపొర విప్పింది. పిల్లలంతా చుట్టూ మోకరించారు. లోపల చిత్రమైన బొమ్మ ఉంది. సన్నటి వెదురుబద్దలు, పట్టుగుడ్డ, ఒక పక్క విప్పారిన రెక్క, నడుమ బుల్లి చెక్కమనిషి కూర్చునే పీట. ఎగిరే యంత్రం! కానీ రెండో రెక్క లేదు. తోక లేదు. రెక్కను ఆడించే చక్రాలు లేవు. అవ్వ ఈసారి ఒక ముక్క కాదు, సగానికి సగం తక్కువ పెట్టింది.

"మహారాజా, మాకు వెదుళ్ళు కావాలి. పట్టుబట్టలు కావాలి. నగరంలో వడ్రంగి పనిముట్లన్నీ కావాలి" అంది నాగమల్లి తల ఎత్తకుండానే.

రాజు ఆ పిల్ల నల్లటి చేతులను చూశాడు, తన చేతులను చూసుకున్నాడు. "కోశాగారం తెరవండి. ఆ శాసనపు రాయిని పగలగొట్టి, ఈ పిల్లలకు సుత్తి పెట్టుకునే పీట చేయించండి" అన్నాడు.

కట్లు విప్పిన చెంగల్వ వచ్చి చెల్లెలి వెనక కూర్చుంది. తడిసి ముఖాన పడుతున్న జుట్టును తన రెండు చేతులతో దువ్వి, బిగించి ముడి వేసింది.

"ఏ ముక్కతో మొదలుపెడదామే?" అంది.

నాగమల్లి రెండో రెక్క ఉండవలసిన ఖాళీలోకి మెల్లగా వేలు పెట్టింది.